చుట్టాన్ని లెమ్మనని ఇల్లు

ఆ కాగితం రాసింది నేనే. పన్నెండు నియమాలు, ఇంగ్లీషులో, ఒక్క పేజీకి సరిపోయేలా. ప్లాస్టిక్ సీసాలు తేవద్దు. అడగకుండా ఎవరినీ ఫొటో తీయొద్దు. పిల్లలకు చాక్లెట్లు పంచొద్దు. వాగులో సబ్బు వాడొద్దు. ఊరివాళ్ళు తినేదే తినాలి, వాళ్ళు పడుకునేచోటే పడుకోవాలి. ఏడోది ఇది: మిమ్మల్ని ఇంట్లోకి రానిచ్చినవాళ్ళను తొందరపెట్టొద్దు, వాళ్ళు లేచినప్పుడే మీరూ లేవండి. రాసిన రోజు ఆ ఏడో నియమం నాకు మహా నచ్చింది. రెండుసార్లు పైకి చదువుకున్నాను. మా మేనమామ గొర్రెల మంద దానివల్లే పోయింది.

ఎవరైనా అడిగితే నాము తిని పోయాయని చెప్తాను. అదీ అబద్ధం కాదు. కోసేసిన జొన్నచేలో మోళ్ళకు వాన తడి తగిలితే లేత పిలకలు లేస్తాయి. చూడ్డానికి ముద్దుగా ఉంటాయి, లోపల విషం. ఆ విషాన్నే నాము అంటారు. గొర్రెలు కాసే ఇళ్ళలో పిల్లలకు నడక వచ్చేసరికే ఈ సంగతి తెలుస్తుంది. నాకూ తెలుసు. తెలిసి కూడా జరిగింది కాబట్టే ఇన్నేళ్ళయినా నా మీద నాకు కోపం పోలేదు.

2001లో నేను సూర్యాపేటలో ఒక ప్రైవేటు కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. హైదరాబాద్‌లో ఒక చిన్న ఆఫీసువాళ్ళు విదేశాల నుంచి వచ్చేవాళ్ళను పల్లెలకు తీసుకెళ్ళే పని మొదలుపెట్టి, ఇంగ్లీషూ పల్లే రెండూ తెలిసిన మనిషి కోసం వెతుకుతుంటే ఎవరో నా పేరు చెప్పారు. సూర్యాపేట అంటే అప్పట్లో లోకానికి తెలిసింది విజయవాడ బస్సులు టీకి ఆగే చోటని. పది నిమిషాలు ఆగి, టీ తాగి, మళ్ళీ ఎక్కి పోయే ఊరు. అలాంటి ఊరికి దేశదేశాల మనుషుల్ని తెస్తానంటే స్టాఫ్‌రూంలో వారం రోజులు నవ్వులే. "గీడ ఏమున్నదని సూపిస్తవ్ సార్, బస్టాండా?" అని మా అటెండరు అడిగాడు. నేనూ నవ్వాను గానీ లోపల మండింది.

ఆ ఆఫీసు నడిపే మేడమ్ మాట నన్ను కట్టిపడేసింది. హోటళ్ళూ ఏసీ బస్సులూ వచ్చి ఊళ్ళను పాడుచేశాయి, మనం ఊరిని ఉన్నదున్నట్టు చూపించి ఉన్నదున్నట్టు వదిలేసి రావాలి, అనేది ఆవిడ. ఒక ఊళ్ళోకి పోయి కూడా అక్కడ ఏమీ మారకుండా తిరిగి రావచ్చని నేను నిజంగా నమ్మాను. చదువుకున్నవాడి తెలివితక్కువతనం చదువులేనివాడి తెలివితక్కువతనంకంటే ప్రమాదం. దానికి నియమాలు రాసుకునే అలవాటు ఉంటుంది.

మొదట్లో చేతికందింది చూపించాను. మిర్యాలగూడలో రైసుమిల్లుకు తీసుకెళితే పొట్టు దుమ్ముకు ముగ్గురు దగ్గుతూ బయట కూర్చున్నారు. మఠంపల్లి దగ్గర కృష్ణ ఒడ్డుకు తీసుకెళితే, సిమెంటు ఫ్యాక్టరీ గొట్టాలు ఫొటోలో పడకుండా ఎటు తిరగాలో వెతకడానికే పొద్దుపోయింది. మేడమ్ ఫోన్లో అడిగింది, "మీ సొంతది ఏమీ లేదా?" అని. అప్పుడు నాకు మామ గుర్తొచ్చాడు.

మామది మోతె దగ్గర ఊరు. ఎర్రచెల్క నేల, వానొస్తే పంట, లేకపోతే లేదు. తాతల నాటి నుంచి గొర్రెలు. వానాకాలం వరి కోతలు అయిపోగానే గరిడేపల్లి వైపు సాగర్ కాలువ కింది రైతులు మామకు కబురు పంపేవాళ్ళు. కోసిన మళ్ళలో రాత్రిపూట మంద కూర్చుంటే నేలకు ఎరువు, గొర్రెలకు కొయ్యకాలు మేత, మామకు వడ్లు. యాసంగి నాట్లకు కాలువ నీళ్ళు వదిలేలోపు ఆ కొన్ని వారాలే. మోతె నుంచి గరిడేపల్లికి గొర్రె నడకన నాలుగు రోజులు. మంద చేరడానికి ముందురోజు అత్త వంటగిన్నెలూ గొంగళ్ళూ ఆటోలో వేసుకుని పోయి, రైతు కొట్టం దగ్గర పొయ్యి పెట్టేది. మామ మంద వెనక నడిచొచ్చేవాడు. ఆ నాలుగు రోజుల నడకలో ఆరుగురు పరాయివాళ్ళు కలిస్తే ఏమవుతుంది, ఏమీ కాదు, అనుకున్నాను. డీజిల్ పొగ లేదు, హోటల్ లేదు, చెత్త లేదు. మేడమ్‌కు చెప్తే ఫోన్లోనే ఎగిరి గంతేసినంత పని చేసింది.

మామను అడగడానికి పోతే ఆయన అడిగింది ఒకటే. "వాళ్ళు గటక తింటరా?" జొన్నరవ్వ సంకటే కదా, తింటారన్నాను. "ఇంకేంది మరి, రమ్మను. సుట్టాలు వస్తమంటే వద్దంటమా." వాళ్ళు చుట్టాలు కాదు మామా, టూరిస్టులు, అని చెప్పబోయి ఊరుకున్నాను. ఆ మాటకు మా భాషలో అర్థం చెప్పడం కష్టం. చెప్పినా ఆయన మార్చుకునేవాడు కాదు. గడప దాకా వచ్చినవాడు ఆయనకు చుట్టమే.

ఆ ఇంటి చుట్టరికం గురించి కొంచెం చెప్పాలి. ఆ ఇంట్లో కూర్చున్న చుట్టాన్ని లెమ్మనరు. ఇక పోదామా అని కూడా అనరు. చుట్టం తనంతట తాను "పోయొస్త" అనాలి, అప్పుడు కూడా ఇంకాసేపు ఉండమని బతిమాలాలి. చుట్టం కూర్చుని ఉండగా ఇంటాయన లేచినా తప్పే, పొమ్మన్నట్టు లెక్క. నా చిన్నప్పుడు సంబంధాలు చూసే పెద్దమనిషి ఒకాయన పొద్దున్నే వచ్చి అరుగు మీద కూర్చుని, దీపాలు పెట్టేదాకా కదల్లేదు. అత్త మూడుసార్లు వండింది. పొద్దున తిరిగిన పుంజు సాయంత్రానికి కూరయింది. మామ పొలం పని మానుకుని ఆయన ఎదురుగా కూర్చున్నాడు, మధ్యమధ్యలో "మబ్బు పడ్తున్నట్టుంది" అని ఒకసారి, "ఆఖరి బస్సు వచ్చే యాళ్ళయింది" అని ఒకసారి అన్నాడు. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. ఆయన పోయాక అత్త చీపురు తీసుకుని ఆ అరుగు ఊడ్చిన ఊడుపు నాకిప్పటికీ గుర్తుంది.

మొదటి ఏడాది నడకలో ఒక ఇంజనీరు వచ్చాడు. పాపం మంచివాడే, కానీ అరగంటకోసారి గడియారం చూసుకునేవాడు. ఎప్పుడు బయల్దేరతాం, ఎప్పుడు చేరతాం, అని నన్ను పీక్కుతిన్నాడు. మామకు ఇంగ్లీషు రాకపోయినా గడియారం చూడ్డం అర్థమవుతుంది కదా. రాత్రి నన్ను పక్కకు పిలిచి, "అల్లుడా, సుట్టానికి మనకాడ ఏమన్న తక్కువైందా? పోదం పోదం అంటున్నడు" అని అడిగాడు. ఆయన మొహం చిన్నబోయి ఉంది. నాకు ప్రాణం ఉసూరుమంది. సూర్యాపేటకు రాగానే కూర్చుని ఏడో నియమం రాశాను. మామ గౌరవం కాపాడుతున్నానని నా ఉద్దేశం.

లెమ్మనకూడదని మామ ఇంటి నియమం. ఆయన లేవందే లేవకూడదని నా నియమం. ఈ రెండూ ఒక చెట్టు కింద ఎదురెదురుగా కూర్చుంటే ఏమవుతుందో నేను ఆలోచించలేదు. ఆ రెండూ తెలిసినవాణ్ణి లోకంలో నేనొక్కణ్ణే.

కొన్నేళ్ళు బాగానే సాగింది. వచ్చినవాళ్ళు గటక తిన్నారు, గొంగడి కప్పుకున్నారు, స్టీలు సీసాల్లో బోరునీళ్ళు నింపుకున్నారు. హైవే దాటేటప్పుడు ఇటు ముగ్గురు అటు ముగ్గురు చేతులు చాచి నిలబడితే మంద మధ్యలోంచి పోయేది, లారీవాళ్ళు హారన్ కొట్టడం మర్చిపోయి చూసేవాళ్ళు. మామ కూడా సంబరపడేవాడు. పోయిన ఏడు వచ్చిన పొడుగాయన ఈసారి రాలేదేమని అడిగేవాడు. అయితే ఒకటి గమనించాను. ఒకప్పుడు మామ బయల్దేరే రోజును మబ్బునూ మేతనూ చూసి నిర్ణయించేవాడు, ఇప్పుడు నన్ను అడిగి నిర్ణయిస్తున్నాడు. గమనించి, మేడమ్‌కు చెప్పలేదు. ఏమీ మార్చడం లేదని మేము అచ్చేసిన కాగితాలు అప్పటికే చాలా ఉన్నాయి.

2010 మొదట్లో అంతా బంద్‌లు. తెలంగాణ కోసం రోడ్లు ఎప్పుడు ఆగుతాయో ఎప్పుడు నడుస్తాయో ఎవరికీ తెలియదు. ఆ నెలలో రావలసిన ఆరుగురూ హైదరాబాద్‌లో చిక్కుకుపోయారు. మామ అప్పటికే బయల్దేరడానికి తయారుగా ఉన్నాడు. చెల్కల్లో మేత అయిపోయింది. గరిడేపల్లి రైతు కూడా ఫోన్ చేశాడు. ఆయనది కోదాడ వైపు మాట. "ఈసారి కాలవకి నీళ్ళు ముందే వదుల్తారంటండి. ఒక్క రోజు ఆలస్యమైనా మడి తడిసిపోద్ది, మళ్ళీ నన్ననకండి." నేను మామకు, పక్కింటివాళ్ళ సెల్లుకు ఫోన్ చేసి, రెండు రోజులు ఆగగలవా అని అడిగాను. అవతల గొర్రెల అరుపులు వినిపించాయి.

"వస్తమన్నరు గద సుట్టాలు," అన్నాడు మామ. "ఆళ్ళనిడిసిపెట్టి పోతమా."

పో మామా, మేము దారిలో కలుస్తాం, అని నేను అనొచ్చు. ఆ మాట నా నోట్లోనే ఉంది. కానీ బయల్దేరేటప్పుడు గడప దగ్గర అత్త మందకు పసుపునీళ్ళు చల్లడం మా కార్యక్రమంలో మొదటి అంశం. అది లేకపోతే వచ్చినవాళ్ళకు వెలితిగా ఉంటుందనుకున్నాను. పసుపునీళ్ళు చల్లాల్సిన రోజున చల్లడం వేరు, చూసేవాళ్ళు వచ్చాక చల్లడం వేరు. నాకు ఆ తేడా అప్పుడు కనిపించలేదు.

వాళ్ళొచ్చారు. అందరూ పెద్దవయసువాళ్ళు, నెమ్మదైనవాళ్ళు. వాళ్ళలో ఒక తెల్లజుట్టు ఆవిడ రిటైరైన టీచరు. నా పన్నెండు నియమాలూ కంఠతా పట్టి వచ్చింది. ఇన్నేళ్ళలో అంత మర్యాదస్తులు నాకు దొరకలేదు. అదే మా ఖర్మ. వాళ్ళలో ఒక్కడైనా ఆ ఇంజనీరులాంటి తొందరమనిషి ఉంటే మంద బతికేది.

బయల్దేరేరోజు పొద్దున మామ అన్నాడు, "పది రోజుల కింద పడ్డ వానకు జొన్న మోళ్ళు సిగురేసినయ్, అల్లుడా. గొర్లేమో ఆకలి మీదున్నయ్. దారిల జర సూస్కోవాలె." ఊఁ అన్నాను. దాన్ని వచ్చినవాళ్ళకు ఇంగ్లీషులో చెప్పలేదు. చెప్పేంత విశేషం అందులో నాకు కనపడలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం. ఇంకో గంట నడిస్తే కాలువ. ఒక వేపచెట్టు కింద ఆగి జొన్నరొట్టె, పచ్చిపులుసు తిన్నాం. మంద పక్కనున్న బీడులో తుమ్మల నీడన గుమిగూడి పడుకుంది. మామ మంచి నీడ ఉన్న వైపు చుట్టాలకు ఇచ్చి, తాను ఎదురుగా కూర్చున్నాడు. అలా కూర్చుంటే మంద ఆయన వీపు వెనక పడింది. చుట్టాలకు వీపు పెట్టి కూర్చోలేడు కదా. నేను చుట్టాల పక్కన కూర్చున్నాను. నాకు మందా, దాని వెనక గట్టూ, గట్టు అవతల పచ్చగా ఒక చేనూ కనిపిస్తున్నాయి.

తినడం అయింది. నీళ్ళు తాగడం అయింది. వాళ్ళు మామ మోకాళ్ళ వైపు చూస్తున్నారు, ఆయన లేస్తే లేద్దామని. మామ వాళ్ళ మొహాలు చూస్తున్నాడు, వాళ్ళు లేస్తే లేద్దామని.

"ఎండ దిగుతున్నది, అల్లుడా," అన్నాడు మామ.

సంబంధాల పెద్దమనిషి దగ్గర వాడిన మాటలాంటిదే. ఆ ఇంట్లో పెరిగిన నాకు అది తెలియకపోతే ఎవరికి తెలియాలి. నేను దాన్ని పొల్లుపోకుండా ఇంగ్లీషు చేసి చెప్పాను, ఎండ తగ్గుతోందంటున్నాడు అని. ఆరుగురూ తలెత్తి ఆకాశం చూశారు. తెల్లజుట్టు ఆవిడ గుండె మీద చెయ్యి పెట్టుకుని, ఈయనకు గడియారమే అక్కర్లేదు కదా అంది. అందరూ ఇంకాస్త సర్దుకుని కూర్చున్నారు.

కాసేపయ్యాక మామ, "అత్త ఎదురుసూస్తుండొచ్చు," అన్నాడు. అదీ చెప్పాను. ఎంత ప్రేమ, అన్నారు. మామ నవ్వాడు. రుమాలు విప్పి మళ్ళీ తలకు చుట్టుకున్నాడు. కర్ర చేతిలోకి తీసుకుని మళ్ళీ పక్కన పెట్టాడు. నేను అవన్నీ చూస్తూ, కాలం ఇక్కడ ఎంత నెమ్మదిగా నడుస్తుందో వాళ్ళకు వివరిస్తున్నాను. ఆ మాటలు తల్చుకుంటే ఇప్పటికీ నా నాలుక కోసుకోవాలనిపిస్తుంది.

కడుపు నిండని గొర్రె ఎక్కువసేపు పడుకోదు. మెడలో గంట ఉన్న ముసలి గొర్రె ముందు లేచింది. దాని వెనక నాలుగు లేచాయి. గట్టు ఎక్కాయి. గట్టు దిగి పచ్చచేలోకి పోయాయి. ఒకటి పోయాక మంద ఆగుతుందా. నేను చూశాను. నా కళ్ళతో, మొదటి గొర్రె నుంచి చూశాను. తొమ్మిదేళ్ళుగా మంద వెనక నడకంటే ఈ టూర్ల నడకే నాకు, పచ్చగా కనిపిస్తే మేతే అనుకున్నాను. పైగా చెయ్యి చాపి చూపించాను. "చూడండి, వాటి తిండి అవే వెతుక్కుంటాయి. ఇక్కడ ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు."

ఒకాయన కెమెరా ఎత్తి, రెండో నియమం ప్రకారం, తీయనా అని సైగతో మామను అడిగాడు. మామ తల ఊపి నవ్వాడు.

అప్పుడు గంట మోగింది. మామ తల ఒక్కసారి అటు తిరిగింది. గంట మోగాల్సిన వైపు నుంచి మోగలేదు. చుట్టాలనీ లేదు, మర్యాదనీ లేదు, చెప్పులు కూడా వేసుకోకుండా లేచి పరిగెత్తాడు. ఆయన లేచాడు కాబట్టి నియమం ప్రకారం ఆరుగురూ వెంటనే లేచి నిలబడ్డారు.

నాము తిన్న గొర్రెకు ఎక్కువసేపు పట్టదు. నోట్లో నురగ, కాళ్ళు వణకడం, పక్కకు ఒరిగిపోవడం. మామ చేలోంచి తోలిన ప్రతిదీ గట్టు దాటేసరికి తూలుతోంది. చింతపండు పిసికి ఆ నీళ్ళు స్టీలు సీసాలతో గొర్రెల గొంతుల్లో పోశాం. వచ్చినవాళ్ళు కూడా మోకాళ్ళ మీద కూర్చుని పోశారు. తెల్లజుట్టు ఆవిడ ఒక పిల్లను ఒళ్ళో పెట్టుకుని, అది చచ్చిపోయాక కూడా దించలేదు. పశువుల డాక్టరు కబురందగానే బండి మీద వచ్చి చేతనైనన్ని సూదులు వేశాడు. అప్పటికి నిలబడి ఉన్నవి నిలబడ్డాయి. ఎన్ని పోయాయో మామ ఎప్పుడూ చెప్పలేదు. మందను లెక్కపెట్టి చెప్పడం మా ఇళ్ళలో లేదు. నిలబడ్డవి మాత్రం ఆ వేపచెట్టు నీడలో సరిపోయాయి.

చేను రైతు పారలు తెచ్చాడు. ఆ మాంసం ఎవరూ తినకూడదు, గుంటలు తవ్వి సున్నం చల్లి పూడ్చాలి. మామ ఒక్కొక్కదాన్నీ చెవి పట్టుకుని మొహం చూసి గుంటలోకి దించాడు. ఏడవలేదు. చీకటి పడ్డాక గరిడేపల్లి కొట్టం దగ్గరకు చేరాం. అత్త మమ్మల్ని చూసి, మంద కోసం మా వెనకాల దారి చూసింది. ఎవరూ ఏమీ చెప్పకుండానే అర్థమై, కొట్టం గుంజ పట్టుకుని అలాగే కిందికి జారి కూర్చుంది. కాసేపటికి లేచి పొయ్యి మీద అన్నం దించింది. ఆ రాత్రి మామ నాతో అన్నది ఒకే మాట. "సుట్టాలు తిన్నరా?"

నాకు అప్పుడు చచ్చిపోవాలనిపించింది. ఉత్త మాట కాదు. కాలువ గట్టు మీద చాలాసేపు నిలబడ్డాను. ముందే నీళ్ళు వదులుతారని రైతు చెప్పిన కాలువ, ఇంకా ఎండిపోయే ఉంది.

ఆ ఆరుగురూ తమ దేశం పోయాక ఉత్తరం రాశారు. మామకు మళ్ళీ గొర్రెలు కొనిస్తామని, ఎలా పంపాలో చెప్పమని అడిగారు. మేడమ్ దాన్ని నాకు పంపి, మన తొమ్మిదో నియమం గుర్తుంది కదా అంది. బహుమతులు ఇవ్వొద్దు, అవి ఊరి జీవనాన్ని చెదరగొడతాయి. ఆ నియమం కూడా నా చేతిరాతే. మేడమ్ దుర్మార్గురాలు కాదు. ఆవిడ ఆ కాగితాన్ని నాకంటే ఎక్కువ నమ్మింది. నేను ఒక్క ఫోన్ చేసి గట్టిగా అడిగితే ఒప్పుకునేదేమో. అడగాలంటే అసలు ఆ రోజు ఏం జరిగిందో మొత్తం చెప్పాలి. గట్టు దాటడం చూశానని చెప్పాలి. నేను ఫోన్ చేయలేదు.

మిగిలినవాటిని మామ ఆ ఎండాకాలమే అమ్మేశాడు. ఆ కాసిని గొర్రెల కోసం ఏ రైతూ కబురు పంపడు. కాలువ కింద నేలకు సరిపడా ఎరువు కావాలంటే నిండు మంద ఉండాలి. తర్వాత ఆయన మఠంపల్లి దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేరాడని అమ్మ చెప్పింది. నేను చూడ్డానికి పోలేదు. పెళ్ళిళ్ళలో కనిపిస్తే, "ఏం అల్లుడా, మంచిగున్నవా?" అనేవాడు. బాగున్నాను మామా, అనేవాణ్ణి.

టూర్లు మానేశాను. ఆ ఆఫీసువాళ్ళు మాత్రం మానలేదు. 2014లో ఒకరోజు పని మీద హైదరాబాద్ పోతే, ఒక ట్రావెల్ ఆఫీసు బల్ల మీద వాళ్ళ కొత్త పుస్తకం కనిపించింది. అట్ట మీద మామ. తలకు రుమాలు, నోరారా నవ్వు, ఎదురుగా వేపచెట్టు నీడలో చుట్టాల భుజాలు. మామ వీపు వెనక, మసకగా, పచ్చచేను. చేలో గొర్రెలు తలలు దించుకుని మేస్తున్నాయి. ఎవరు చూసినా మంచి బొమ్మ అనే అంటారు. బల్ల వెనక పిల్ల, "బాగుంది కదా సార్, నేచురల్‌గా ఉంది" అంది.

మర్నాడే మఠంపల్లి బస్సెక్కాను. ఫ్యాక్టరీ గేటు పక్కన రేకుల గది, ముందు ఒక ప్లాస్టిక్ కుర్చీ. ఖాకీ చొక్కాలో మామ బాగా చిక్కిపోయి ఉన్నాడు. కనుబొమ్మల మీద సున్నపు దుమ్ము. నన్ను చూసి గబగబా తన కుర్చీ తువ్వాలుతో తుడిచి నన్ను కూర్చోబెట్టి, తాను ఇటుకల మీద కూర్చున్నాడు. టీ తెప్పించాడు. అత్త మోకాళ్ళ నొప్పులు చెప్పాడు. లారీలు వస్తూనే ఉన్నాయి, ఆయన లేచి గేటు తీయడం, వచ్చి కూర్చోవడం. లేచిన ప్రతిసారీ, "ఏమనుకోకు అల్లుడా, నౌకరి" అన్నాడు.

ఆ పుస్తకం సంచిలోనే ఉంది. తీయలేదు. నోటితోనే చెప్పాను.

"మామా, ఆరోజు గొర్లు గట్టు దాటుడు నేను సూసిన. సూసి కూడ చెప్పలే."

ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. రోడ్డు వైపు చూశాడు.

"నాకెర్కనే," అన్నాడు. "నువ్ అటు మొకం పెట్టే గద కూసున్నవ్. నువ్ సూస్తున్నవ్ గదా అనే నేను ఎన్కకు తిర్గలే."

క్షమించమని అడగడానికే అంత దూరం వచ్చాను, ఆ మాట అడిగే మొహం కూడా మిగల్లేదు. అలాగే కూర్చుండిపోయాను. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ఎండ గది రేకుల మీద నుంచి జరిగి మా కాళ్ళ దగ్గరకు వచ్చింది. ఎన్ని గంటలు కూర్చున్నా ఆ మనిషి నన్ను పొమ్మనడని నాకు తెలుసు. ఆయన ఇంట్లో అది లేదు. బహుశా ఆ ధైర్యంతోనే కూర్చున్నాను.

గేటు అవతల ఇంకో లారీ వచ్చి ఆగింది. మామ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని లేచి నిలబడ్డాడు. ఈసారి ఏమనుకోకు అనలేదు. నా వైపు చూసి, గొంతు పెంచకుండా, గొర్రెలను పిలిచేటప్పటి గొంతుతోనే అన్నాడు.

"ఇగ లెవ్వు, అల్లుడా. పో."

లేచాను. ఆయన కుర్చీని నీడలోకి జరిపి, గేటు తీయడానికి పోయాడు.